కదలని సైకిలు, తొక్కుడు హార్మోనియం

నా గొంతు సంగతి నాంపల్లి కోర్టుల ఎవ్వర్నడిగినా చెప్తరు. పదకొండేండ్ల సంది గాడ అటెండర్ని నేను. లోపల ఫైలు తీయంగనే తలుపు కాడికొచ్చి, వరండా ఆ చివర్దాక వినబడేటట్టు మూడుసార్లు ఒర్రుత. "వెంకటనర్సయ్యా! వెంకటనర్సయ్యా! ఎల్లయ్య కొడుకు వెంకటనర్సయ్య హాజర్ హై?" మూడోసారికి గూడ పలుకకపోతే గైర్హాజర్ రాసుకుంటరు. గంత కథ ఉన్నా సగం మంది మూడోసారిదాక నోరు తెరువరు. నా ముంగట్నే నిలబడి, నా మొకమే చూస్కుంట, పలుకరు. "నోట్ల బెల్లమేమన్న పెట్టుకున్నవా పెద్దయ్యా? నీ పేరు నువ్వే మరిచినవా?" అని కసురుకుంట. ఏం జేస్త, నా నోరు గట్లాంటిది. కోపమొస్తె ఆపుకునుడు నాకు రాదు.

నా పేరు వనిత. నలభై దగ్గరికొచ్చినయి. అబిడ్స్‌ల చాపెల్ రోడ్డు సందుల ఒక పాత ఇంట్ల పైన అర్ర కిరాయికి తీస్కొని ఒక్కదాన్నే ఉంట. ఒక్కదానివే ఎందుకుంటవని అడిగేటోల్లకు నా జవాబు ఎప్పుడూ తయారే: నా ఇష్టం.

రెండేండ్ల కింద కోర్టు స్టాఫ్ ఆటల పోటీలల్ల ఈతల నాకు ఫస్టొచ్చింది. మాది జోగిపేట దిక్కు. మా నాయన పరశురాం ఒకల బావి కాడ పాలేరుగ జీతమున్నడు, గా బావిల్నే ఈత నేర్సిన. అది చూసి హైందవి అని మా కోర్టుకొచ్చే జూనియర్ వకీలు, పాతికేండ్ల పిల్ల, నా ఎంటబడ్డది. "వనితక్కా, నువ్వు ట్రయథ్లాన్ చెయ్యాలె" అన్నది. గదేందే అంటె చెప్పింది. ముందుగాల కిలోమీటరున్నర ఈత. నీళ్ళల్లకెల్లి లేచి తుడుసుకోకుంటనే నలభై కిలోమీటర్లు సైకిల్. దిగి కూసోకుంటనే పది కిలోమీటర్లు ఉరుకుడు. ఈత నాకొస్తది. బడికి రోజూ ఉరికినదాన్నే, ఉరుకుడొస్తది. మధ్యల సైకిలొక్కటే పరేషాన్. మా ఇంట్ల సైకిలే లేకుండె, ముప్పై దాటినంక నేర్సిన.

పోయినేడు పోయిన పోటీకి. ఈత, సైకిల్ రెండూ కలిపి రెండు గంటల నలభై ఐదు నిమిషాల్ల అయిపోవాలె. లేకుంటె ఉరుకనియ్యరు. నాకు నాలుగు నిమిషాలు ఎక్కువైనయి. జెండా పట్టుకున్న పోరి అడ్డమొచ్చి "సారీ మేడం" అన్నది. ఏం సారీ? తీస్కపోయి ఒక ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టిన్రు, సరిగ్గ ఉరుకుడు ముగిసే గీత పక్కనే. ఒక్కొక్కలు గీత దాటుతుంటె మైకుల పేరు పిలుస్తున్రు. పేరు, ఊరు, "శభాష్" అని. జనమంత చప్పట్లు. గప్పుడు నాకు మా కోర్టు యాదికొచ్చింది. ఇన్నేండ్ల సంది నేను మంది పేర్లు పిలుస్తున్న. దొంగతనం పేర్లు, కొట్లాట పేర్లు, చెక్కు బౌన్సు పేర్లు. నా పేరు ఎవ్వరన్న, ఎన్నడన్న, నలుగురు వినేటట్టు పిలిచిన్రా? మెడల్ లేకున్నా ఏం కాదు, ఫొటో లేకున్నా ఏం కాదు. గా గీత కాడ మైకుల నా పేరు పిలువాలె. నాకు కావాల్సింది గదొక్కటే. కుర్చీల కూసోనే ఒట్టు పెట్టుకున్న.

ఈ ఏడు పోటీకి నాలుగున్నర నెలల ముంగట్నే ఒక రోలర్ స్టాండు తెచ్చుకున్న. దాంట్ల సైకిల్ ఎనక చక్రం బిగిస్తె, ఎంత తొక్కినా బండి ఉన్నకాడ్నే ఉంటది. పొద్దుగాల ఐదింటికి పైన నా అర్రల తొక్కుడు షురూ చేసిన. రెండోనాడే కిందికెల్లి ఇంటాయన మెట్లెక్కొచ్చిండు.

ఇంటాయన పేరు హెర్బర్ట్ సార్. డెబ్బై నాలుగేండ్లు. సన్నగ, పొడుగ్గ, తెల్ల అంగీ గుండీలు మెడదాక పెట్టుకుంటడు. మెదక్‌ల పుట్టిండు. చర్చిల తొక్కుడు హార్మోనియం వాయిస్తడు, నలభై ఒక్క ఏండ్లల్ల ఒక్క ఆదివారం నాగా లేదు. ఇంట్ల కింది వరండాల గూడ గసొంటిదే ఒకటుంది, చిన్న బీరువంత. కింద రెండు పలకలుంటయి. ఒకటెనుక ఒకటి కాళ్ళతోని తొక్కుతుంటెనే లోపల గాలి నిండుతది, గాలి నిండితెనే పైన మెట్లు పలుకుతయి.

నిద్ర చెడగొట్టిన అని లొల్లికొచ్చిండనుకొని నేను గూడ లొల్లికే తయారైన. ఆయన తలుపు కాడ నిలబడి మెల్లగ అన్నడు: "వనితమ్మా, నీ తాళం ఆగమాగం ఉన్నది. ఒకపారి ఉరుకుతున్నవు, ఒకపారి సాగదీస్తున్నవు. తొక్కితే తొక్కు గానీ, ఒక్క తీరుగ తొక్కు తల్లీ. కింద పండుకొని వినలేకపోతున్న."

నాకు నవ్వొచ్చింది. ఫోన్‌ల హైందవి పెట్టిన మెసేజ్ చూపించిన. "కాళ్ళ స్పీడు నిమిషానికి తొంభై ఉండాలె అక్కా" అని ఉంది. ఆయన కండ్లద్దాలు పైకి జరిపి చదివిండు.

"తొంభైనా? ఓస్, గింతేనా? తొంభై నాకు తెల్వదా ఏంది? నలభై ఏండ్ల సంది నా కాళ్ళు తిరిగేదే తొంభై మీద."

గట్ల సైకిల్ కింది వరండాలకు దిగింది, హార్మోనియం పక్కకు. సార్ ఒక కట్టె పెట్టె తెచ్చి కిటికీల పెట్టిండు. దానికి చావి ఇస్తె ముంగటి పుల్ల అటూ ఇటూ ఊగుతది, టక్ టక్ మంటది. పుల్లకున్న బిళ్ళను తొంభై మీదికి జరిపిండు. ఒక్కో టక్కుకు ఆయన ఒక్కో కాలు తొక్కిండు. ఒక్కో టక్కుకు నేను ఒక్కో కాలు తొక్కిన. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఆయన పాట ఎత్తుకున్నడు.

ఎట్ల చెప్పాలె గా పొద్దులు? ఐదింటికి చాపెల్ రోడ్డు మీద ఒక్క మనిషుండడు. లైట్ల చుట్టు మంచు పట్టి ఉంటది. హార్మోనియం ముందుగాల జరంత దగ్గుతది, అటెనుక గొంతు తెరుస్తది. నేను కండ్లు మూస్కుంట. ఐదు నిమిషాలకు కాళ్ళు నావి కాకుంట అయితయి. పది నిమిషాలకు వరండా గోడ పోతది. నేను రోడ్డు మీదుంట. అబిడ్స్‌ల దుకాన్లన్ని షట్టర్లు దించుకొని నిద్రపోతుంటయి. జీపీఓ దాటుత, మొజంజాహి మార్కెట్ గడియారం కింది కెల్లి పోత, గడియారంల టైమెంతున్నదో ఎప్పుడూ కనబడదు. నుమాయిష్ మైదానం గేటు తెరిచే ఉంటది. లోపల జెయింట్ వీల్ ఒక్కటే, మనిషి లేకుంట, మెల్లగ తిరుగుతుంటది. నాంపల్లి స్టేషన్‌ల రైలు పట్టాల మీదనే నా సైకిల్ పోతది, ఎవ్వరు ఆపరు. పోయి పోయి మా ఊరి బావి కాడ తేలుత. మా నాయన గడ్డ మీద నిలబడి ఉంటడు. నన్ను చూడడు గాని, నేనొచ్చిన సంగతి ఆయనకు ఎరుకే ఉన్నట్టుంటది.

పాట ఆగంగనే గోడ మల్ల వచ్చి నిలబడతది. కింద బండల మీద నా చెమట మడుగు.

"యాడిదాక పోయొచ్చినవ్?" అని సార్ అడిగిండు మొదటి నాడు. నాకు సిగ్గయింది. చెప్పిన. నవ్వుతడనుకున్న. నవ్వలే. "నేను పాపన్నపేట దాక పోయిన" అన్నడు.

అప్పుడు సమజైంది, ఆయన గూడ తొక్కుతున్నడు. వాళ్ళ నాయన సైకిల్ మీద ఊరూరికి తిరిగి వాక్యం చెప్పేటోడట. కొడుకును మాత్రం సైకిల్ ముట్టనియ్యలేదట. పడితే వేళ్ళు విరుగుతయి, వేళ్ళు విరిగితే వాయించేదెట్ల అని. డెబ్బై నాలుగేండ్లల్ల ఒక్కసారి సైకిలెక్కలే ఆయన. నా పక్కన కూసొని ఎక్కుతున్నడు.

అటెనుక గదే రివాజైంది. దిగంగనే ఒకలనొకలం అడుగుడు, యాడిదాక పోయినవని. ఆయన మెదక్ పోతడు, చిన్నప్పటి ఏడుపాయల జాతరకు పోతడు, ఒకనాడైతె వాళ్ళ నాయన సైకిల్ ఎనక క్యారియర్ మీద కూసొని పోయిండట, దిగబుద్ధి కాలేదట. నేను గూడ మా నాయన ముచ్చట, కోర్టుల పేర్లు పిలిచే తీరు, గీత కాడ నా పేరు పిలువాలన్న ఒట్టు, అన్ని ఆయనకు చెప్పిన. సార్ భార్య బెత్సీ అమ్మ చాయ్ పట్టుకొచ్చి మా ఇద్దర్ని చూసి తల కొట్టుకునేది. "ఇంట్లనే కూసొని ఊర్లన్ని తిరిగొస్తరు ఇద్దరు. సందు చివరకు పోయి పాల పాకెట్ తెమ్మంటె మాత్రం ఒక్కలు కదలరు!"

ఒక్కటి చెప్పాలె. తొంభై టక్కులకు తొక్కుతుంటె సైకిల్ మస్తు అల్కగ పోయేది. కాళ్ళకు పని తాకనే తాకకపోయేది. మా ఇంట్ల చెమట కారకుంటె దాన్ని పని అనరు. మా నాయన అనకపోయేది, మా అమ్మ అనకపోయేది. అందుకని నేను గేరు బరువుకు మార్చిన. మల్ల బరువుకు. ఆఖరికి ఉన్నదాంట్ల అన్నిటికన్న బరువుది పెట్టిన. మోకాళ్ళ పైన కండలు రాళ్ళ తీరు గట్టిబడ్డయి. రోజుకు గంట, నాలుగు నెలలు. ఆఫీసుల మెట్లెక్కుతుంటె తొడలు పట్టుకపోయేటివి. గదే మంచిగ అనిపించేది, సూడున్రి.

పోటీ ఇంక పన్నెండు రోజులుందనంగ హైందవి వచ్చింది. చేతుల వేలంత మిషన్. సైకిల్‌కు బిగిస్తె కాళ్ళ స్పీడు ఫోన్‌ల చూపిస్తదట. "నాలుగు నెలలు తొంభై మీద తొక్కినవంటె నువ్వు సామాన్యురాలివి కాదక్కా, జర చూద్దాం" అన్నది. సార్ పాట ఎత్తుకున్నడు. నేను షాన్‌గ తొక్కిన, కండ్లు గూడ మూస్కోలే.

హైందవి ఫోన్ చూసింది. ఊపింది. మిషన్ల సెల్లు తీసి మల్ల పెట్టింది.

"ఎంత చూపిస్తున్నదే?"

"నలభై ఐదు."

"ఖరాబైనట్టుంది నీ మిషను."

ఆమె ఫోన్ పక్కకు పెట్టింది. నా పక్కన మోకాళ్ళ మీద కూసొని, నా కుడి మోకాలు ఒక్కదాన్నే చూస్కుంట, నోట్లనే లెక్కబెట్టుకున్నది. నిమిషమైనంక లేచింది. మొకం ఎర్రగైంది. "అక్కా... తొంభై అంటె తొంభై చుట్లు. కుడికాలు ఒక్కటే తొంభైసార్లు కిందికి రావాలె. మీరు రెండు కాళ్ళూ కలిపి లెక్కబెడుతున్రు. సగం స్పీడు మీదున్నవు నువ్వు. నాలుగు నెలల సంది."

హార్మోనియం ఆగింది. టక్ టక్ ఒక్కటే మోగుతున్నది. నాకు నెత్తికెక్కింది. పోయినేటి కుర్చీ, గా జెండా పోరి, మైకు, అన్ని ఒక్కసారి యాదికొచ్చినయి. పన్నెండు రోజులల్ల ఏం చేస్తం? ఏం చేసినా ఏముంది? నోరు లేచింది.

"జిందగీల సైకిల్ ఎక్కనోల్లు నాకెందుకు చెప్పాలె సార్? తొంభై నాకు తెల్వదా అన్నరు కదా! ఏం తెలుసు మీకు? మీ చర్చి పాట అనుకున్నరా ఇది? నా ఏడాది మొత్తం మట్టిల కలిసింది! మీ మాట విన్న నాది బుద్ధి తక్కువ!"

సార్ లేచి, కిటికీల ఊగుతున్న పుల్లను వేలు పెట్టి ఆపిండు. ఆపి, లోపలికి పోయిండు. నడుస్తుంటె చూసిన, చెయ్యి గోడకు ఆనించుకుంట పోయిండు. నేను స్టాండు ఊడదీసి సైకిల్ ఎత్తుకొని పైకి పోయిన.

మూడు పొద్దులు పైన ఒక్కదాన్నే తొక్కిన. గేరు తేలిక చేసి గిర్ర గిర్ర తిప్పుదమంటె కాళ్ళు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నయి. సీటు మీద ఎగిరెగిరి పడుతున్న. కండ్లు మూస్తె ఏం కనబడతలేదు, గోడ గోడలాగనే ఉన్నది. కిందికెల్లి చప్పుడే లేదు. మూడోనాడు తొక్కుడు ఆపి చెవి పెట్టి విన్న. లేదు.

గా సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటె బెత్సీ అమ్మ గేటు కాడ ఆపింది. చేతుల వేడినీళ్ళ సంచి.

"నీకు మా ఆయన కాళ్ళు వాచినయని ఎరుకనా?"

"ఎందుకు వాచినయి?"

"ఏం చెప్పాలె బిడ్డా! మూడు రోజుల సంది పగటీలి చర్చికి పోతున్నడు. ఎవ్వరు లేనప్పుడు గాడి పెద్ద హార్మోనియం మీద కూసొని, రెండింతలు జోరుగ తొక్కుతున్నడు. నిమిషానికి నూట ఎనభై. వనితమ్మకు సరైన తాళం ఇయ్యాలె అంటడు. ఈ వయసుల! చర్చి ఊడ్చే రజని చూసి చెప్పింది, అయ్యగారు చెమటతోని తడిసిపోయి వాయిస్తున్నరమ్మా అని."

వేడినీళ్ళ సంచి ఆమె చేతులకెల్లి తీస్కున్న. లోపలికి పోయిన. సార్ కుర్చీల కూసొని ఉన్నడు, పాదాలు పీట మీద పెట్టుకొని. చీలమండలు ఉబ్బి ఉన్నయి. నన్ను చూసి లేవబోయిండు.

"తప్పు నాదే తల్లీ" అన్నడు. "హార్మోనియంకు ఒక కాలు తొక్కితే ఒక గాలి. ఒక గాలికి ఒక లెక్క. సైకిల్‌కు రెండు కాళ్ళూ కలిసి ఒక్కటని నాకు తట్టలే. అడుగన్న అడుగలే ఎవ్వర్ని. తెలుసనుకున్న. నూట డెబ్బై దాక వచ్చిన, ఇంకో పది రావాలె, వస్తది."

మన్నించున్రి అనాలె నేను. గా మాట నా నోట్లకెల్లి పుట్టినకాడికెల్లి రాలే, గప్పుడు గూడ రాలే. పీట పక్కన కింద కూసున్న. వేడినీళ్ళ సంచి ఆయన పాదాలకు పెట్టిన. ఏడుపొచ్చింది, ఏడ్చిన. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. జరసేపైనంక నాకు తోచింది చెప్పిన.

"సార్, మీరు జోరు చెయ్యకున్రి. మీ కాళ్ళు మీ తీరునే తొక్కున్రి. మీ ఒక్క అడుగుకు నేను పూర్తి చుట్టు తిప్పుత. కుడి ఎడమ రెండూ. తాళం మీది, ఉరుకుడు నాది."

ఆయన సోచాయించిండు. వేళ్ళతోని కుర్చీ చెయ్యి మీద కొట్టి చూసుకున్నడు. "తొమ్మిది రోజులల్ల తొంభై కాదు. డెబ్బై రెండు పెడదాం. మనిషి గుండె గంత స్పీడు మీదనే కొట్టుకుంటది. దానికి ఎవ్వరు నేర్పనక్కరలే."

తెల్లారి సైకిల్ మల్ల కిందికి దిగింది. హైందవి చెప్పినట్టు గేరు నాలుగు మెట్లు అల్క చేసిన. సార్ వాచిన కాళ్ళతోని మెల్లగ తొక్కిండు, టక్కు టక్కుకు ఒక్క అడుగు. నేను ఆయన అడుగుకు అడుగుకు నడుమ ఇంకో అడుగు దూర్చిన. మొదటి నిమిషం తడబడ్డ. రెండో నిమిషం తడబడ్డ. మూడో నిమిషంల ఏమైందో గాని, నాలుగు నెలలు బండలు మోసిన కాళ్ళకు ఎవరో బండ దించినట్టైంది. చక్రం కూత మారింది. గోడ పోయింది. అబిడ్స్ మొత్తం ఒక్క ఊపుల దాటిన, మొజంజాహి గడియారం చూసిన, ఆనాడు టైము కనబడ్డది, ఐదుం పావు. స్టేషన్, పట్టాలు, బావి, అన్ని దాటి నేనెన్నడు పోని తొవ్వ మీద పోయిన.

హైందవికి ఫోన్‌ల చెప్తె నవ్వింది. "అక్కా, పెద్ద పెద్ద ఆటగాల్లు కావాల్నని బరువు గేరు పెట్టి మెల్లగ తొక్కుతరు, కాళ్ళకు బలమొస్తదని. వారానికి ఒక్కనాడు. మీరు నాలుగు నెలలు గదే చేసిన్రు, పిచ్చోల్ల తీరు. బలమైతే వచ్చింది కదా. ఇప్పుడు వాడుకో."

పోటీ ఆదివారం పడ్డది. ఆదివారం సార్ రాడు, రావొద్దు గూడ. శనివారం పొద్దుగాల తొక్కుడైనంక అడిగిండు. "ఎనిమిదిన్నరకు నేను చర్చిల మొదటి పాట ఎత్తుకుంట. గప్పటికి నువ్వు యాడుంటవు?"

"ఈత అయిపోయి సైకిల్ మీదుంట సార్."

"ఐతే ఇద్దరం తొక్కుతుంటం. ఫికర్ లేదు."

పోటీ శంషాబాద్ అవతల పెట్టిన్రు. హైందవి కార్ల సైకిలేసుకొని నాలుగింటికే పోయినం. ఆమెది సగం దూరాల చిన్న పోటీ, నాది పెద్దది. ఏడింటికి నీళ్ళల్ల దునికిన, ఏడు నలభై ఐదుకు సైకిలెక్కిన. తొమ్మిది నలభై ఐదు లోపల సైకిల్ దిగాలె. ఎదురుగాలి కొడుతున్నది, రోడ్డు ఎత్తుకు ఎక్కుతున్నది. పదిహేను కిలోమీటర్లకే నా పాత బుద్ధి లేసింది. గేరు బరువు చెయ్, గట్టిగ తొక్కు, చెమట కారాలె అని. వేలు గేరు మీదికి పోయింది గూడ. చేతి గడియారం చూసిన. ఎనిమిదిన్నర.

వేలు తీసిన. కండ్లు తెరుచుకొనే ఉన్న, గాని వరండా వచ్చింది. పక్కన హార్మోనియం జరంత దగ్గింది, గొంతు తెరిచింది. ఒక అడుగు ఆయనది, ఒక చుట్టు నాది. ఎత్తు ఎప్పుడు అయిపోయిందో యాదికి లేదు. గాలి ఉన్నది గాని నన్ను పట్టించుకోలే. పక్కపొంటి ఒక పొడుగాటి మనిషి, తెల్ల అంగీ గుండీలు మెడదాక పెట్టుకొని, సైకిల్ తొక్కుకుంట వస్తున్నడు. అటు తిరిగి చూడలే నేను. చూస్తె పోతడని భయం.

జెండా పోరి గీ ఏడు గూడ గాడ్నే నిలబడి ఉన్నది. నేను సైకిల్ దిగేసరికి తొమ్మిది నలభై మూడు. జెండా పక్కకు జరిపి "గో మేడం, గో!" అన్నది. రెండు నిమిషాలు మిగిలినయి. పోయినేడు నాలుగు తక్కువబడ్డదాన్ని, గీ ఏడు రెండు మిగిల్చిన! ఏడ్చుకుంటనే ఉరికిన. పది కిలోమీటర్లు. తొడలు మండుతున్నయి, మండనియ్.

గీత కనబడ్డది. నాకన్న ఎనక ఎవ్వరు లేరు, నేనే ఆఖరు. మైకు మోగుతున్నది. కాళ్ళు వణుకుతున్నయి గాని చెవులు మైకు దిక్కే ఉన్నయి. గీత దాటిన. మైకుల పేరు పిలిచిన్రు.

"థర్డ్ ప్లేస్... హైందవి!"

చప్పట్లు. స్టేజీ మీద హైందవి మెడల్ వేసుకుంటున్నది. ప్రైజులు షురూ అయినయి. ఒక పోరడు నా చేతుల ఒక మెడల్, ఒక అరటిపండు పెట్టిండు. మైకాయన కాడికి పోయిన. "తమ్మీ, నా పేరు పిలువలే" అన్న. "పేర్లు పిలుసుడు అయిపోయింది మేడం, ఇప్పుడు చీఫ్ గెస్టు మాట్లాడుతరు" అన్నడు, మంచిగనే అన్నడు. గప్పుడు లేవాల్సిన నోరు లేవలే. లేవద్దన్నప్పుడు లేస్తది, లేవాల్సినప్పుడు పండుకుంటది. పోయినేటి కుర్చీలే ఉన్నయి. ఒకదాంట్ల కూసొని అరటిపండు తిన్న.

హైందవి నన్ను సందు మొగల దించిపోయేసరికి పన్నెండు దాటింది. ఆదివారం కదా, అబిడ్స్ ఫుట్‌పాత్ నిండ పాత పుస్తకాలు పరిచి ఉన్నయి. సైకిల్ నడిపించుకుంట ఇంటికొచ్చిన. సార్ చర్చి నుంచి వచ్చి వరండాల హార్మోనియం పీట మీద కూసొని ఉన్నడు, బూట్లు గూడ ఇప్పలే. నన్ను చూసి లేచి నిలబడ్డడు.

"అయిందా తల్లీ?"

"అయింది సార్. రెండు నిమిషాలు మిగిలినయి."

"దేవునికి స్తోత్రం! పేరు పిలిచిన్రా?"

నేను సైకిల్‌ను గోడకు ఆనించిన. ఆనించినంక గూడ చెయ్యి తియ్యలే. "పిలువలే సార్. నేనొచ్చేసరికి ప్రైజులిస్తున్రు. ఏం కాదు, మెడల్ ఇచ్చిన్రు."

ఏం కాదన్న గాని అయింది. ఆయనకు తెలిసింది. అటెనుక మెల్లగ నడిచి వరండా అంచుకు పోయి, మెట్ల పైన నిలబడ్డడు. గొంతు సవరించుకున్నడు. నలభై ఒక్క ఏండ్లు పాటలెత్తిన గొంతు.

"వనితా!"

సందు మొత్తం వినబడ్డది. నేను నవ్విన. బెత్సీ అమ్మ గరిటె పట్టుకొని వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. ఏమైందని ఎదురింటోల్లు కిటికీ తెరిచిన్రు.

"వనితా!"

ఈసారి నవ్వు రాలే. పుస్తకాల సంచులు మోసుకుంట పోయేటోల్లు ఇద్దరు ఆగి మా దిక్కు చూస్తున్రు. నాకు మా కోర్టు వరండా యాదికొచ్చింది. నా ముంగట్నే నిలబడి, నా మొకమే చూస్కుంట, పలుకని వెంకటనర్సయ్య యాదికొచ్చిండు. నోట్ల బెల్లమేమన్న పెట్టుకున్నవా అన్న నేను.

"పరశురాం బిడ్డ వనిత... హాజర్ హై?"

మా నాయన పేరు గా గొంతుల విన్నంక నా వల్ల కాలే. నోరు తెరిచిన, గాలే వచ్చింది.

"గట్టిగ పలుకు బిడ్డా" అన్నది బెత్సీ అమ్మ, కండ్లు తుడుసుకుంట. "లేకుంటె గైర్హాజర్ రాసేస్తడు మా ఆయన!"

"ఉన్న" అన్న. "ఉన్న సార్. హాజర్."

ఎదురింటి కిటికీల చప్పట్లు కొట్టిన్రు, ఎందుకో తెల్వకుంటనే. సార్ పీట మీద కూలబడి బూట్లిప్పుకున్నడు. "ఇప్పుడు చెప్పు" అన్నడు. "యాడిదాక పోయొచ్చినవ్?"

తెల్లారి సోమవారం. తొడలు పట్టుకపోయి కోర్టు మెట్లు ఒక్కొక్కటి పట్టుకొని ఎక్కిన. పదకొండింటికి మొదటి ఫైలు తీసిన్రు. తలుపు కాడికొచ్చి పిలిచిన. "పూలమ్మా!" ఎవ్వరు పలుకలే. "పూలమ్మా!" ఎదురుంగ ఒక ముసలామె, కొంగు చేతుల ముడి వేసుకొని, నా మొకమే చూస్తున్నది. "రాములు భార్య పూలమ్మ హాజర్ హై?" పెదవులు కదిలినయి గాని మాట రాలే.

నేను కసురుకోలే. జరసేపు ఆగి, జరంత మెల్లగ, నాలుగోసారి గూడ పిలిచిన.